పైగాలికి ఇవ్వని పిడికెడు ఉన్ని

ఒకప్పుడు, ఆకాశంలో అందరికంటే పైన పరిగెత్తే గాలి, బిగించి కట్టిన దారంలా తిన్నగా పరిగెత్తేది.

వంపు అంటే దానికి తెలియదు. మలుపు అంటే తెలియదు. పడమట బయలుదేరి తూర్పుకు పోయేది. భూమి నెత్తి చుట్టూ ఒక చుట్టు చుట్టి, బయలుదేరిన చోటికే వచ్చి, ఆగకుండా మళ్ళీ పోయేది.

ఇప్పుడు మీరు టీవీలో వాతావరణం బొమ్మ చూసి, "ఇదేంటి తాతా, ఈ గాలి పాములా మెలికలు తిరుగుతోంది? దీనికి బుద్ధి లేదా?" అని నవ్వుతున్నారు. ఎవరు నవ్వింది? ముందుకు రండి! బుద్ధి లేనిది గాలికి కాదు. మనకి! ఆ రోజు అక్కడున్న మనుషులకి! నేనూ అక్కడే ఉన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ముందు ఆ గాలి ఏం పని చేసేదో వినండి.

భూమికి ఉత్తరాన చలి ఉండేది. దానికి ఇవతల, దక్షిణాన, వేడి ఉండేది. ఇరుగూ పొరుగూ. ఒక్క క్షణం పడేది కాదు.

"కాస్త అవతలికి జరుగు," అనేది చలి, మోచేత్తో పొడుస్తూ.

"నువ్వే జరుగు. నీ ఒళ్ళు తగిలితే నాకు జలుబు చేస్తుంది," అనేది వేడి.

ఆ ఇద్దరి తోపులాటలోంచే పైగాలి పుట్టింది. వాళ్ళు ఎంత గట్టిగా తోసుకుంటే ఇది అంత వేగంగా పరిగెత్తేది. ఇద్దరి నడుమా గట్టు మీద, పెద్ద పెద్ద కొండలకంటే ఎత్తున, రైలు కూడా సిగ్గుపడేంత వేగంతో పరిగెత్తేది. చలి ఇటు అడుగు వేయబోతే "వెనక్కి!" అని కసిరేది. వేడి అటు అడుగు వేయబోతే "నువ్వూ వెనక్కే!" అనేది.

అందుకే ఆ రోజుల్లో రేపు ఎలా ఉంటుందో ఎవరూ ఎవరినీ అడిగేవాళ్ళు కాదు. గట్టుకు అవతల ఎప్పుడూ చలే. ఇవతల ఎప్పుడూ వెచ్చనే. ఇందులో అడగడానికేముంది?

ఇంత పని చేసేది కదా, పైగాలికి ఒక్క పండగ లేదు, పబ్బం లేదు. ఒక్కరు పలకరించింది లేదు. ఎందుకంటే అది ఎంత ఎత్తున పరిగెత్తేదంటే, కింద ఒక్క ఆకు కదిలేది కాదు. ఆకు కదలకపోతే గాలి ఉన్నట్టు మనిషికి ఎలా తెలుస్తుంది? తెలియలేదు.

మరి మేం ఆ గట్టు దాకా ఎలా పోయామంటారా? గొర్రెల వెంట పోయాం.

మా మందలో మూడు వందల గొర్రెలు. ఇక్కడ గడ్డి అయిపోతే అవి ముందుకు నడిచాయి. వెనకాల మేం నలభై మందిమి నడిచాం. గొర్రె గడ్డిని చూస్తూ నడుస్తుంది. కాపరి గొర్రెను చూస్తూ నడుస్తాడు. ఎవరూ తల ఎత్తలేదు. ఎత్తి చూసేసరికి ఉత్తర దిక్కు అయిపోవస్తోంది! ఇంకో నాలుగు అడుగులు వేసి ఉంటే భూమి అంచు మీదినుంచి జారిపడేవాళ్ళం. నేనే కర్ర అడ్డం పెట్టి మందను ఆపాను.

"ఇక చాలు, ఇక్కడే దిగుదాం," అంది కొమురవ్వ.

మంద కొమురవ్వది. మూడు వందల గొర్రెలనూ మూడు వందల పేర్లతో పిలిచేది. ఏ గొర్రె దగ్గిందో చూడకుండానే చెప్పేది. ఆ మంద తప్ప ఆమెకు ఈ భూమ్మీద నా అన్నవాళ్ళు లేరు.

గట్టుకు సరిగ్గా ఇవతల, వేడి వైపున దిగాం. గడ్డి మోకాలి ఎత్తు. నాలుగు నెలల్లో గొర్రెలు బలిసిపోయాయి. ఒంటి మీద ఉన్ని మూరెడు పెరిగింది. ఇక కత్తిరించాలి.

కత్తెర పట్టడంలో నన్ను మించినవాడు అప్పుడు లేడు, ఇప్పుడూ లేడు. పొద్దున అంబలి తాగి కూర్చున్నాను. నా కత్తెర చప్పుడు విని చుట్టుపక్కల కీచురాళ్ళు సిగ్గుతో నోరు మూసుకున్నాయి. మధ్యాహ్నం కాకముందే మూడు వందల గొర్రెలూ నున్నగా అయిపోయాయి. చివరి గొర్రె తన నీడ చూసుకుని తనే బెదిరిపోయి పరిగెత్తింది.

అంత తొందర నాకు ఎందుకు పుట్టిందో! ఒక్క పది గొర్రెలనైనా వదిలి ఉండకూడదా?

మాలో ఒక పద్ధతి ఉంది. ఉన్ని తీసిన రోజు, ఆ ఏడు మందకు మేలు చేసినవాళ్ళందరినీ పేరుపేరునా పిలవాలి. పిలిచి తలా పిడికెడు ఉన్ని ఇవ్వాలి. ఆ పంపకం అయ్యేదాకా ఒక్క గొంగడి కూడా నేయకూడదు. పిలిచేవాడు మా పెద్దమనిషి ఓదెలు. పెద్ద తలపాగా, అంతకంటే పెద్ద గొంతు.

"వాగమ్మా! నీళ్ళిచ్చావు, తీసుకో!" అన్నాడు ఓదెలు. పిడికెడు ఉన్ని వాగులో వేశాడు.

"కుక్కా! తోడేలును తరిమావు, తీసుకో!" కుక్క మెడకు ఉన్ని కట్టాడు.

"కాకీ! గొర్రెల మీద పిడుదులు ఏరావు, తీసుకో!"

"ముళ్ళకంచే! దొడ్డి కాశావు, తీసుకో!"

చివరికి కత్తెరను కూడా పిలిచి, దానికీ పిడికెడు ఇచ్చాడు.

వాగులో ఒక బాతు నిలబడి ఇదంతా చూస్తోంది. తలమీద రెండు నల్ల పట్టెలున్న బాతు. కొండల మీదినుంచి ఎగిరే రకం.

"అందరినీ పిలిచావు. పైగాలిని పిలవలేదేం పెద్దయ్యా?" అంది బాతు.

"పైగాలా? ఎవరది?"

"చలిని మీ మీదికి రాకుండా ఆపేది. మీ నెత్తి మీదే పరిగెడుతోంది."

ఓదెలు తల ఎత్తలేదు. వేలు తడి చేసి గాలిలో పెట్టి చూశాడు. "ఏదీ? వేలికి తగలదు, ఆకు కదపదు. అది కూడా ఒక గాలేనా? దానికంటే మా ఇంట్లో విసనకర్ర నయం!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అందరికంటే గట్టిగా నవ్వాను, అంత బలం మరి నాది.

కొమురవ్వ ఒక్కతే నవ్వలేదు. "పిడికెడే కదయ్యా, ఇచ్చేయరాదూ?" అంది.

"కనపడనివాళ్ళకు పంచుకుంటూ పోతే గొంగడికి ఏం మిగులుతుందవ్వా?" అన్నాడు ఓదెలు, చేతులు దులుపుకుంటూ.

ఆ మాట పైదాకా పోయింది.

అంతవరకు ముందుకే చూసిన పైగాలి, పుట్టిన తర్వాత మొదటిసారి కిందికి చూసింది. కుక్క మెడలో ఉన్ని చూసింది. కాకి ముక్కున ఉన్ని చూసింది. ముళ్ళకంచెకు ఉన్ని! కత్తెరకు ఉన్ని!

"విసనకర్ర నయమా? నేను కాకి పాటి చేయనా? కంచె పాటి చేయనా?" అని అరిచింది.

కోపంతో మమ్మల్నే చూస్తూ పరిగెత్తింది. పరిగెత్తేవాళ్ళు ఎటు చూస్తే కాలు అటే పోతుంది. ఆకాశంలో తిన్నగా ఉన్న దారి మొదటిసారి దక్షిణానికి వంగింది. మా మీదినుంచి దిగి, మమ్మల్ని దాటి, మాకు కూడా దక్షిణాన పెద్ద గంపంత వంపు తిరిగింది. గంపంటే మన గంప కాదు, పది జిల్లాలు పట్టే గంప!

అవతల చలి చూసింది. "అరే, గట్టు జరిగిందే!" అంది. "ఏయ్ గాలీ, రావచ్చా?"

పైగాలి పలకలేదు. చలి ఇంకేం అడగలేదు. ఆ వంపు కడుపులోకి జారి, మా మందమీద వచ్చి కూర్చుంది.

వాగు గట్టిపడింది. గడ్డి గాజులా అయింది. నేను తుమ్మితే తుమ్ము మంచుగడ్డై నా కాలి మీద పడింది, ఇదిగో చూడండి మచ్చ. మా సంగతి సరే. గొర్రెలు! పొద్దున్నే నున్నగా గీకిన గొర్రెలు! ఒంటి మీద ఒక్క పోగు లేదు. ఒకదాని కిందికి ఒకటి దూరిపోతున్నాయి. అరవడానికి కూడా నోరు రావడం లేదు వాటికి.

కొమురవ్వ తన గొంగడి విప్పి రెండు పిల్లలకు చుట్టింది. అది చూసి మేమూ విప్పాం. నలభై గొంగళ్ళు. మూడు వందల గొర్రెలు. ఎక్కడ సరిపోతాయి?

"కత్తిరించిన ఉన్నే కప్పుదాం!" అన్నాడు ఓదెలు. కప్పితే జారిపోయింది. గొర్రె మీద పెరిగితే ఉన్ని గానీ, మీద పోస్తే నిలుస్తుందా?

కొమురవ్వ లేచి ఓదెలు ముందు నిలబడింది. ఆమె కోపం మేం అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. "పొద్దు గూకేలోపు ఈ చలి పోవాలి. పోకపోతే నా మందలో ఒక్కటి మిగలదు. పిడికెడు ఉన్ని మిగుల్చుకున్నావు, మూడు వందల ప్రాణాలు పోగొడతావా?"

ఓదెలు తలపాగా సర్దుకున్నాడు. 

ఆమె నావైపు తిరిగింది. "ఒరే ఐలిగా! నువ్వూ నవ్వావు కదూ? నీ పళ్ళన్నీ లెక్కపెట్టాను."

"అందరూ నవ్వితే..."

"అందరినీ కాదు, నిన్ను పంపిస్తున్నాను. గొప్పలు చెప్పుకునే నోరు కదా నీది, పోయి ఆ గాలితో మాట్లాడు. ఇదిగో ఉన్ని." నా పిడికిట్లో ఉన్ని పెట్టి వేళ్ళు మూసింది. "ఇచ్చి, నేను చెప్పినట్టే చెప్పు. ఒక్క మాట మార్చకు." చెవిలో చెప్పింది.

ఒక చేత్తో బాతు కాళ్ళు పట్టుకున్నాను. ఎగిరాం. నా బరువుకు బాతు బెదిరిందనుకుంటున్నారా? లేదు! సగం దూరం నేనే కాళ్ళతో గాలిలో ఈదాను. కొండలు దాటాం. మేఘాలు దాటాం. అంతలో పడమటి నుంచి ఒక్క తోపు! బాతు ఎటో, నేను ఎటో! పైగాలి నన్ను వీపున వేసుకుని పోతోంది.

అక్కడినుంచి చూశానర్రా! దారి మొత్తం కనిపించింది. దక్షిణానికి వంగిన చోట, వంపు లోపల చలి దుప్పటి పరుచుకుని ఉంది. ఉత్తరానికి లేచిన చోట, దాని కింద వేడి చొరబడి చలి ఇంట్లో కాళ్ళు చాపుకుంది. ఆ వంపులు కూడా ఒకచోట నిలవడం లేదు. మెల్లగా తూర్పుకు జరుగుతున్నాయి. నలభై మందిమి కింద నిలబడి అర్థం కాక చచ్చినదంతా, పైనుంచి చూస్తే పిల్లలకు కూడా తెలిసిపోయేలా ఉంది!

"ఎవర్రా నువ్వు?" అంది పైగాలి.

నాకు కొమురవ్వ మాటలు నోటిదాకా వచ్చాయి. భయం వేసింది. అవి అంత మెత్తటి మాటలు కావు మరి. నా సొంతవి చెప్పాను. "అయ్యా! గాలులకు రాజా! నీ అంత గాలి ముందు లేదు, వెనక లేదు! నీ వేగం..."

"నన్ను ఎప్పుడైనా చూశావా?"

"లేదు."

"మరి ఎలా తెలిసింది నా గొప్ప? పొద్దున విసనకర్ర నయమన్నారు. మధ్యాహ్నానికి రాజునయ్యానా? అవసరానికి వచ్చే పొగడ్త నాకెందుకురా! దిగు!" అని ఒక్క విదిలింపు విదిలించింది. భూమి చుట్టూ ఒక చుట్టు తిరిగి, మళ్ళీ దాని వీపునే పడ్డాను.

ఈసారి కళ్ళు మూసుకుని కొమురవ్వ మాటలే చెప్పేశాను. "పైగాలీ! నీకు జరిగింది అన్యాయం. కాదన్నవాడి నోరు పడిపోను. కానీ నిన్ను పిలవనిది ఓదెలు. నవ్వింది ఐలిగాడు. వాళ్ళిద్దరికీ ఒంటి మీద బట్ట ఉంది. ఏమీ లేని నా గొర్రెల మీదికి చలిని తోలావు. అవి ఎవరినైనా విసనకర్ర అన్నాయా? నీది న్యాయమైన కోపమైతే, తప్పు చేసినవాడి మీద చూపించు. నోరు లేనిదాని మీద చూపిస్తే నీకూ ఓదెలుకూ తేడా ఏముంది?"

చెప్పి, దాని వీపును ఒక చేత్తో గట్టిగా పట్టుకున్నాను.

 కింద మూడు సముద్రాలు దాటిపోయాయి.

"ఆ మాట అన్నది ఎవరు?" అంది చివరికి.

"కొమురవ్వ. మంద ఆమెది."

"నన్ను తిట్టింది. కానీ నన్ను లెక్కలోకి తీసుకుని తిట్టింది." నా పిడికిట్లోంచి ఉన్ని లాక్కుంది. దువ్వి దువ్వి, పోగులు పోగులుగా ఆకాశమంతా తన దారి పొడవునా పరిచింది. "ఆమె గొర్రెల మీదినుంచి నా వంపును జరుపుతాను. వంపు తూర్పుకు పోతే, అందులో కూర్చున్న చలి కూడా తూర్పుకే పోతుంది."

అమ్మయ్య అనుకోబోయాను. అంతలో కిందికి చూశాను. తూర్పున దిబ్బల మీద ఇంకో మంద! అక్కడి కాపరులు అప్పుడే గొర్రెలను వరసలో నిలబెట్టి కత్తెరలు నూరుతున్నారు!

నా గొంతు సంగతి మీకు తెలుసు. పిలిస్తే పక్క ఊళ్ళో పాలు విరుగుతాయి. అంత ఎత్తునుంచి ఒక్క కేక పెట్టాను. "ఓ తూర్పు దిబ్బల మామా! కత్తెర ఎత్తకు! చలి వస్తోంది!"

"ఎవడ్రా ఆకాశంలో అరిచేది?" కిందినుంచి కేక వచ్చింది. "ఎండ ఫెళ్ళుమంటుంటే చలేంటి?"

"అరిచేది ఎవడైతే నీకెందుకు? పడమట మా మంద వణికిపోతోంది, ఆ వంపు నీ మీదికే జరుగుతోంది! కత్తెర కింద పెట్టు!"

పెట్టారు. కాసేపటికే చలి వాళ్ళ మీద వాలింది. ఉన్ని ఒంటి మీదే ఉంది కాబట్టి వాళ్ళ గొర్రెలు ఒకసారి దులుపుకుని మేత మేశాయి. వినండి, బాగా వినండి! రాబోయే చలి గురించి ఈ భూమ్మీద ఎవరైనా ముందుగా చెప్పింది అదే మొదటిసారి. చెప్పింది నేను! నాకు ఎవరూ శాలువా కప్పలేదు. అడగనులే.

పైగాలి నన్ను మా వాగు ఒడ్డున దించేసరికి పొద్దు ఇంకా బారెడు ఉంది. వాగు కరిగి పారుతోంది. కొమురవ్వ గొర్రెల మధ్య తిరుగుతూ ఒక్కొక్క పేరు పిలుస్తోంది. పిలిచిన ప్రతి పేరుకూ ఒక తల లేచింది. మూడు వందల పేర్లు, మూడు వందల తలలు. చివరి తల లేచాక గానీ ఆమె కూలబడి ఏడవలేదు.

ఓదెలు తలపాగా తీసి కింద పెట్టాడు. ఆకాశం వైపు రెండు చేతులూ ఎత్తాడు. "తప్పయింది పైగాలీ! ఇకమీదట మొదటి పిడికెడు నీకే. అందరికంటే ముందు నిన్నే పిలుస్తాను. మళ్ళీ తిన్నగా పరిగెత్తు. ఆ చలిని అవతలే ఉంచు తల్లీ."

ఈసారి మాకందరికీ దాని మాట వినిపించింది. వినాలని తల ఎత్తి నిలబడ్డాం కదా.

"తిన్నగానా? తిన్నగా పరిగెత్తినన్నాళ్ళూ మీలో ఒక్కరు తల ఎత్తారా? ఇవాళ ఒక్క పూట వంపులు తిరిగాను. నలభై మంది మెడలు పైకి లేచాయి. ఇక నేను తిన్నగా పరిగెత్తను. నా ఇష్టం వచ్చినచోట వంగుతాను, ఇష్టం వచ్చినచోట లేస్తాను. ఎప్పుడెప్పుడు ఎటు పోతున్నానో దాచను. కానీ చెప్పి పోవడం కూడా చేయను. కావాలంటే మీరే పైకి వచ్చి అడగండి."

"ఎన్నిసార్లు అడగాలి తల్లీ?" అన్నాడు ఓదెలు, నీరసంగా.

"రోజూ."

"రోజూనా!"

"పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి!" అని కసిరి, తూర్పుకు దూసుకుపోయింది.

అప్పటినుంచే పైగాలి వంపులు తిరుగుతూ పరిగెడుతోంది. అది దక్షిణానికి వంగితే వెనకే చలి దిగుతుంది, ఉత్తరానికి లేస్తే కింద వేడి ఎక్కుతుంది. దాని దారి పక్కన దువ్విన పోగుల్లాంటి సన్నటి తెల్ల మబ్బులు కనిపిస్తాయి. అప్పటినుంచే రేపటి ఎండావానా చెప్పేవాళ్ళు, ఎంత చదువుకున్నవాళ్ళైనా సరే, రోజుకు రెండుసార్లు పెద్ద పెద్ద బెలూన్లు పైకి వదిలి, "ఇవాళ ఎటు వంగుతున్నావు?" అని దాన్ని అడుగుతున్నారు. జవాబు వచ్చేదాకా ఒక్కరూ నోరు విప్పరు.